ఇంటిల్లిపాదీ కలిసి ఫర్నిచర్ కొనడం, పెద్ద సామానును ఇంటికి చేర్చడం: నల్లగొండ, పాలమూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లికో, గృహప్రవేశానికో మంచం, బీరువా, సోఫా కొనవలసి వచ్చినప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కుటుంబాలకు ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. నేను ఫర్నిచర్ వ్యాపారిని కాను. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లకు, ఒక గృహప్రవేశానికి సామాను కొని, బండి మాట్లాడి, మెట్లెక్కించిన అనుభవం మాత్రమే నాది. అందులో జరిగిన పొరపాట్లను కూడా దాచకుండా చెప్పాను.

దుకాణానికి బయలుదేరే ముందు ఇంటి దగ్గర ఏం చూసుకోవాలి?

మంచం పట్టే చోటును అందరూ కొలుస్తారు. ఆ మంచం అక్కడికి చేరే దారిని కొలిచేవారు తక్కువ. గేటు వెడల్పు, దర్వాజ లోపలి వెడల్పు, హాలులోంచి గదిలోకి తిరిగే మలుపు, మేడ మీది ఇల్లయితే మెట్ల మధ్యలో వచ్చే చదును, అక్కడ తలకు అడ్డం వచ్చే స్లాబు ఎత్తు, వీటన్నిటినీ టేపుతో కొలిచి, అంగుళాలలో ఒక కాగితం మీద రాసుకుని, ఆ కాగితాన్ని వెంట తీసుకెళ్లాలి. మూడు అడుగుల దర్వాజ అని మనం చెప్పుకునేది బయటి కొలత. చట్రం చెక్కల మందమూ, తెరిచి ఉంచిన తలుపు మందమూ పోగా సామాను దూరడానికి మిగిలేది సుమారు 30 అంగుళాలే.

బీరువా విషయంలో ఇంకొక లెక్క ఉంది. మామూలుగా దొరికే పెద్ద బీరువా 78 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల లోతు ఉంటుంది. దానిని పడుకోబెట్టి గదిలోకి తెచ్చి నిలబెట్టేటప్పుడు కింది మూల నేలకు ఆని, ఎదుటి మూల పైకి లేస్తుంది కనుక అప్పుడు కావలసిన ఎత్తు 78 కాదు, 80 అంగుళాలకు పైనే. ఏడడుగుల ఎత్తున, అంటే 84 అంగుళాల దగ్గర, సజ్జ ఉన్న చోట ఇది ఎలాగో సరిపోతుంది గాని, బీరువా కింద ఆరు అంగుళాల స్టాండు బిగించి ఉంటే సరిపోదు. మేము ఈ లెక్క వేసుకోకుండా స్టాండుతో సహా కొన్నాము. సజ్జ కింద ఉండవలసిన బీరువా ఆరు నెలలపాటు కిటికీకి అడ్డంగా ఉండిపోయింది.

కొనడానికి ఎవరెవరు వెళ్లడం మంచిది?

వాడేవారు తప్పనిసరిగా వెళ్లాలి. కాబోయే దంపతుల మంచాన్ని మేనమామ ఒక్కడే వెళ్లి కొనుక్కొచ్చే రోజులు పోయాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ఇంట్లో ఉంటే సోఫా కొనేటప్పుడు వారిని కూర్చోబెట్టి, ఎవరి చేయీ పట్టుకోకుండా లేవగలుగుతున్నారో లేదో చూడాలి. మెత్తగా, లోతుగా ఉన్న సోఫా దుకాణంలో అందంగా కనిపిస్తుంది గాని, నాయనమ్మ అందులో కూర్చున్నాక ఇద్దరు లేపవలసి వస్తే అది ఆ ఇంటికి పనికిరాదు. బేరం మాత్రం ఒక్కరే ఆడాలి. వెనకనుంచి వదినె "బాగుంది, ఇదే తీసుకుందాం" అన్న మరుక్షణం ధర తగ్గడం ఆగిపోతుంది.

ప్రయాణ ఖర్చు గురించి ఒక మాట. 2023 డిసెంబరు 9 నుంచి అమలులో ఉన్న మహాలక్ష్మి పథకం కింద రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది కాబట్టి, ఇంటి ఆడవాళ్లు ముందొక రోజు వెళ్లి నాలుగు దుకాణాలు చూసి ధరలు రాసుకుని రావడం ఇప్పుడు సులువు. కొనే రోజున మిగిలినవారు వెళితే చాలు.

నల్లగొండలోనే కొనాలా, హైదరాబాదుకు వెళ్లాలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి కనుక ఈ ప్రశ్న అందరికీ వస్తుంది. నగరంలో రకాలు ఎక్కువ, నమూనాలు కొత్తవి. కాని హైదరాబాదు ధరకు బండి కిరాయి, టోల్, హమాలీల కూలి, మనుషుల ప్రయాణం, భోజనాలు కలిపిన తరువాతే నల్లగొండ ధరతో పోల్చాలి. ఒక్క మంచమో, ఒక్క బీరువానో అయితే స్థానికంగా కొనడమే లాభమని నా అభిప్రాయం. తాళం బిగుసుకున్నా, తలుపు వంగినా ఆ దుకాణం మనిషి సాయంత్రానికి ఇంటికి వస్తాడు. మంచం, పరుపు, సోఫా, డైనింగ్ టేబుల్, డ్రెస్సింగ్ టేబుల్ అన్నీ ఒకేసారి కొనేవారికి మాత్రం నగర ప్రయాణం గిట్టుబాటు కావచ్చు.

2018 ఆగస్టులో హైటెక్ సిటీలో ఐకియా దుకాణం మొదలైనప్పటినుంచి విడిభాగాలుగా అట్టపెట్టెలలో వచ్చే ఫర్నిచర్ మన వైపు వారికీ పరిచయమైంది. ఈ పద్ధతిలో పెట్టె ఏ దర్వాజలోనైనా పడుతుంది, చిన్న బండిలోనూ ఇముడుతుంది. బిగించుకునే ఓపిక మాత్రం మనకు ఉండాలి. విప్పి మళ్లీ మళ్లీ బిగిస్తే బోర్డులో మరలు పట్టు వదులుతాయి కాబట్టి తరచుగా ఇల్లు మారేవారు ఆలోచించుకోవాలి.

టేకు అని చెప్పి అమ్ముతున్నది నిజంగా టేకేనా అని ఎలా తెలుసుకోవాలి?

పాలిష్ వేసిన వైపు చూస్తే ఎవరికీ తెలియదు. ముదురు రంగు పాలిష్ కింద ఏ కట్టెనైనా టేకులా చూపించవచ్చు. కాబట్టి మంచం తలవైపు పలక వెనుక భాగం, అడుగున ఉండే అడ్డకర్రలు, సొరుగు లోపలి వైపు, అంటే పాలిష్ పడని చోట్లు చూడాలి. టేకు చేవ, అంటే మాను నడుమ ఉండే ముదురు కట్టె, బంగారు గోధుమ రంగులో ఉండి, చేతికి కొంచెం జిడ్డుగా తగులుతుంది, కోసిన చోట తోలు వంటి వాసన వస్తుంది. చేవ చుట్టూ ఉండే తెల్ల కట్టె కూడా టేకు చెట్టుదే. అయితే చెదలకు, పుచ్చుకు తట్టుకునే గుణం చేవకే గాని ఆ తెల్ల భాగానికి లేదు. "టేకే కదా" అని దుకాణంవారు చెప్పే మాట అబద్ధం కాకపోయినా అందులో సగం తెల్ల కట్టె ఉంటే మన డబ్బు సగం వృథా అయినట్టే.

కనిపించే తలపలకను టేకుతోను, కనిపించని పక్క పట్టీలను, అడుగు కర్రలను వేరే కట్టెతోను చేయడం సాధారణం. అది తప్పు కాదు, ధరా అందుకు తగ్గట్టే ఉండాలి. ఏ భాగం ఏ కట్టెతో చేశారో బిల్లు మీద రాయించుకోవాలి. వేప, నల్లతుమ్మ కట్టెలను తక్కువగా చూడవలసిన పని లేదు. బండ్లకు, నాగళ్లకు తరతరాలుగా వాడిన నల్లతుమ్మ మంచి గట్టి కట్టె. వీటికి ఉన్న చిక్కల్లా పచ్చిగా ఉండగానే కోసి వాడితే వంకరపోవడం, పగలడం. ఎండాకాలంలో 44, 45 డిగ్రీలు తాకే మన ప్రాంతంలో, వానల్లో కొన్న పచ్చి కట్టె మంచానికి ఏప్రిల్ వచ్చేసరికి కీళ్లు విడిపోయి, పక్క తిరిగినప్పుడల్లా కిర్రుమంటుంది.

పాత ఇల్లు విప్పుతున్నవారికి మరొక దారి ఉంది. యాభై, అరవై ఏళ్లు ఇంటి కప్పును మోసిన టేకు దూలాలు, వాసాలు పూర్తిగా ఆరి ఉంటాయి. వాటిని సామిల్లులో కోయించి, నమ్మకమైన వడ్లాయనతో మంచం చేయించుకుంటే దుకాణంలో దొరికే ఏ మంచమూ దానికి సాటిరాదు. కోతకు ముందు పాత మేకులన్నీ తీయించాలి, లేకపోతే రంపం పాడైందని మిల్లువారు అదనంగా అడుగుతారు.

ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్., పార్టికల్ బోర్డు ఫర్నిచర్ కొనవచ్చా?

కొనవచ్చు, ఎక్కడ పెడతామన్నదే ముఖ్యం. ఎం.డి.ఎఫ్. అంటే చెక్క పీచును, పార్టికల్ బోర్డు అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసినది; పార్టికల్ బోర్డు నీరు తగిలితే ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బితే తిరిగి మామూలు కాదు. నేల కడిగే అలవాటున్న ఇళ్లలో, స్నానాల గది గోడకు ఆనుకుని, ఇలాంటి వార్డ్‌రోబ్ పెట్టడం డబ్బు పారబోసుకోవడమే. ప్లైవుడ్ మీద ఐ.ఎస్. 303 ముద్ర ఉంటే సాధారణ వాడకానికి, ఐ.ఎస్. 710 ఉంటే నీటికి తట్టుకునే మెరైన్ రకానికి గుర్తు. దుకాణంలో పైన సన్‌మైకా మాత్రమే కనిపిస్తుంది కనుక అంచు పట్టీ వేయని చోట, లేదా మర బిగించిన రంధ్రం దగ్గర, లోపలి పొరలు చూపించమని అడగాలి.

ఇనుప బీరువాలో గేజ్ అంటే ఏమిటి?

రేకు మందానికి కొలత. అంకె పెరిగేకొద్దీ రేకు పలుచనవుతుంది: 20 గేజ్ రేకు సుమారు 0.9 మిల్లీమీటర్లు, 22 గేజ్ సుమారు 0.7 మిల్లీమీటర్లు. తలుపు మధ్యలో బొటనవేలితో నొక్కినప్పుడు రేకు లోపలికి పోయి టక్కుమని తిరిగి వస్తే అది పలుచని రేకు. తలుపులకు ఒక గేజ్, వెనక వైపు రేకుకు మరొక గేజ్ వాడుతుంటారు, రెండూ అడగాలి.

మంచానికి, పరుపుకు కొలతలు కుదరకపోతే ఏమవుతుంది?

క్వీన్ సైజు మంచం సాధారణంగా 60 అంగుళాల వెడల్పు, 78 అంగుళాల పొడవు. కింగ్ సైజు 72 అంగుళాల వెడల్పు, అదే పొడవు. పరుపులు 72, 75, 78 అంగుళాల పొడవుల్లో వస్తాయి కాబట్టి మంచం ఒక చోట, పరుపు మరొక చోట కొనేవారు మంచం లోపలి కొలతను తామే కొలుచుకోవాలి. మూడు అంగుళాల సందులో దిండ్లు, ఫోన్లు, చివరకు కళ్లజోళ్లు కూడా పడిపోతూ ఉంటాయి.

ధర, బయానా, బిల్లు విషయంలో ఏ జాగ్రత్తలు పాటించాలి?

చెక్క ఫర్నిచర్ మీదా, ఇనుప ఫర్నిచర్ మీదా 18 శాతం జీఎస్టీ ఉంది. 40,000 రూపాయలని చెప్పిన ధరలో పన్ను కలిసి ఉందో లేదో మొదటే అడగాలి. కలిసి లేకపోతే మరో 7,200 రూపాయలు చేరుతుంది. "బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అనే మాట చాలా చోట్ల వినిపిస్తుంది. ఆ తగ్గింపు తీసుకున్నవారికి తరువాత వస్తువు పాడైనప్పుడు చూపడానికి ఏ ఆధారమూ ఉండదు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కూడా.

బయానా ఇచ్చేటప్పుడు రసీదు మీద ఐదు సంగతులు ఉండాలి: వస్తువు కొలతలు, కట్టె లేదా రేకు రకం, మొత్తం ధర, సామాను అప్పగించే తేదీ, సామాను ఎక్కడిదాకా తెచ్చి ఇస్తారన్నది. ఈ చివరిదే తగాదాలకు మూలం. "డెలివరీ ఉచితం" అంటే దుకాణందారు ఉద్దేశం మీ ఇంటి గేటు దాకా అని, మీ ఉద్దేశం రెండో అంతస్తులోని పడకగది దాకా అని. మధ్యలో హమాలీలు నిలబడి ఇద్దరి ముఖాలూ చూస్తుంటారు. మా రెండో అమ్మాయి పెళ్లికి ఇదే జరిగి, సోఫా ఒక రాత్రంతా వాకిట్లో తాటాకు పందిరి కింద ఉండిపోయింది.

పెళ్లికి కూతురికి ఇచ్చే సామానైతే బిల్లు ఆమె పేరు మీదనే రాయించడం మంచిది. పెళ్లిలో వధూవరులకిచ్చిన కానుకల జాబితా రాసి పెట్టుకోవాలని 1985 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ జాబితాకు ఈ బిల్లులే ఆధారం.

ఏ సామానుకు ఏ బండి సరిపోతుంది?

ఊరిలోనే కొని ఊరిలోనే దించుకునే ఒక్క బీరువాకు మూడు చక్రాల ట్రాలీ ఆటో చాలు. దానిని హైవే ఎక్కించవద్దు. 2005లో వచ్చినప్పటినుంచి చోటా హాథీ అని అందరూ పిలుచుకునే టాటా ఏస్ తొట్టి సుమారు ఏడడుగుల పొడవు, ఐదడుగులకు కొంచెం తక్కువ వెడల్పు ఉంటుంది. విప్పిన మంచం, పరుపు, పడుకోబెట్టిన బీరువా అందులో పడతాయి. వాటికి తోడు సోఫా కూడా ఉంటే బొలెరో పికప్ వంటి ఎనిమిది, తొమ్మిది అడుగుల బండి కావాలి. ఇంటి సామాను మొత్తం ఒకే విడతలో రావాలంటే డీసీఎం మాట్లాడాలి. 1980లలో వచ్చిన డీసీఎం టయోటా లారీ పేరే మన వైపు ఆ సైజు బండ్లన్నిటికీ ఉండిపోయింది, ఇప్పుడు ఏ కంపెనీది వచ్చినా డీసీఎం అనే అంటాము. మీ వీధిలోకి డీసీఎం తిరుగుతుందా, కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయా అన్నది ముందే చూసుకోవాలి.

బండి కిరాయి తగ్గాలంటే ఏం చేయాలి?

తిరుగు బండిని పట్టుకోవాలి. నల్లగొండ జిల్లా బత్తాయికి పేరు. కాయ సీజనులో ఎన్నో బండ్లు రాత్రి బయలుదేరి, విజయవాడ హైవే మీద ఉన్న బాటసింగారం పండ్ల మార్కెట్లో తెల్లవారుజామున సరుకు దించుతాయి. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం తీసుకెళ్లే బండ్లూ అంతే. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా రావడం కన్నా తక్కువ కిరాయికైనా సామాను ఎక్కించుకోవడానికి డ్రైవర్లు ఇష్టపడతారు. ఊళ్లో బత్తాయి తోట ఉన్న బంధువునో, మిల్లులో పనిచేసే తెలిసినవారినో అడిగి ముందురోజే మాట్లాడుకుంటే, నగరంలో అప్పటికప్పుడు మాట్లాడే బండి కన్నా చాలా చవకగా పని జరుగుతుంది. అయితే తొట్టిని కడిగించి, ఆరిన తరువాతే సామాను ఎక్కించాలి. బత్తాయి రసం అంటిన తొట్టిలో కొత్త సోఫా వేస్తే ఇల్లు చేరేలోపు చీమలు అందులో కాపురం పెడతాయి.

కిరాయి మాట్లాడేటప్పుడు టోల్ ఎవరు కట్టాలో తేల్చుకోవాలి. నల్లగొండ దారిలో చౌటుప్పల్ దగ్గర పంతంగి వద్ద, మహబూబ్‌నగర్ దారిలో షాద్‌నగర్ దగ్గర రాయికల్ వద్ద టోల్‌ప్లాజాలు ఉన్నాయి. దుకాణం దగ్గర ఎన్ని గంటలు ఆగాలి, దించేటప్పుడు డ్రైవరు చేయి వేస్తాడా లేదా అన్నవి కూడా ముందే అనుకోవాలి. నగరంలో సరుకు బండ్లకు వేళల నియంత్రణ ఉంటుంది కాబట్టి ఎన్ని గంటలకు లోపలికి రాగలడో డ్రైవరునే అడిగి, దానిని బట్టి మీ కొనుగోలు ముగించాలి.

దారిలో ఈ-వే బిల్లు కావాలా?

ఈ-వే బిల్లు అంటే సరుకును బండిలో పంపేటప్పుడు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే రవాణా పత్రం. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే అది కావాలి. జీఎస్టీ నమోదు ఉన్న దుకాణందారే దానిని తీసి ఇస్తాడు, బండి నంబరు మాత్రం మనం చెప్పాలి. 200 కిలోమీటర్ల లోపు దూరానికి అది ఒక రోజు చెల్లుతుంది కనుక బిల్లు ఈరోజు తీసి, బండిని రెండు రోజుల తరువాత పంపడం కుదరదు.

బండిలో సామానును ఎలా సర్దాలి, ఎలా కట్టాలి?

బరువైనది ముందు, డ్రైవరు క్యాబిన్‌కు ఆనించి, తేలికది వెనుక. బీరువాను వెనక వైపు కిందికి, తలుపులు పైకి ఉండేలా పడుకోబెట్టాలి, అడుగున పాత బొంతలు పరవాలి. అద్దమున్న బీరువా అయితే అద్దం విప్పగలిగితే విప్పి వేరుగా తేవాలి. అద్దాన్ని, గాజు పలకను ఎప్పుడూ పడుకోబెట్టవద్దు, అంచు మీద నిలబెట్టి రెండు పరుపుల మధ్యనో, పరుపుకూ తొట్టి గోడకూ మధ్యనో బిగించాలి; పడుకోబెట్టిన గాజు పలక మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే మధ్యలో పగులుతుంది. తలపలకను పొడవుగా నిలబెట్టి, మూలలకు గోనె సంచులు చుట్టాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది పరుపు. బరువు లేదు కదా అని అన్నిటిపైనా వేసి ఒక్క తాడు అడ్డంగా కడతారు. హైవే మీద వేగం పెరగగానే ముందు అంచు కిందికి గాలి దూరి పరుపు తెరచాపలా లేస్తుంది. పరుపుకు కనీసం మూడు చోట్ల అడ్డంగా, ఒకసారి నిలువుగా తాడు వేసి, ముందు అంచును తొట్టి కొక్కేనికి కిందికి లాగి కట్టాలి. స్ప్రింగ్ పరుపును మడవకూడదు. నైలాన్ తాడు జారుతుంది, సాగుతుంది కాబట్టి పది కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆగి ముడులు బిగించుకోవాలి. నల్లగొండ వచ్చే బండ్లు చౌటుప్పల్‌లో చాయ్‌కి ఆగినప్పుడు మరొకసారి చూసుకోవచ్చు. ఆకాశం నిర్మలంగా ఉన్నా టార్పాలిన్ కప్పాలి, వాన లేకపోయినా దుమ్ము ఉంటుంది. తాడు నేరుగా పాలిష్ మీద ఆనితే గీత పడుతుంది, ఆ గీత మళ్లీ పోదు, కాబట్టి కింద గుడ్డ మడత పెట్టాలి. బీరువా తాళం చెవులు, మంచం మరలు ఒకే సంచిలో వేసి, ఆ సంచి మనిషి చేతిలో ఉండాలి. బండిలో మాత్రం వేయవద్దు.

సామానుతో పాటు కుటుంబం కూడా అదే బండిలో రావచ్చా?

రాకూడదు. సరుకు యజమానిగా ఒక్కరు క్యాబిన్‌లో కూర్చుని రావచ్చు. వెనుక తొట్టిలో, సోఫా మీద కూర్చుని రావడం పిల్లలకు సరదాగానే ఉంటుంది గాని, బ్రేకు పడితే ముందుగా జారేది ఆ సోఫాయే, ప్రమాదం జరిగితే బీమా పరిహారమూ చిక్కుల్లో పడుతుంది.

మెట్ల మీదుగా పోకపోతే ఏమిటి దారి?

ముందు విప్పగలిగినవన్నీ విప్పాలి: సోఫా కాళ్లు, బీరువా తలుపులు, ఇంటి తలుపు రెక్క కూడా. సోఫాను నిలువుగా నిలబెట్టి, వీపు భాగాన్ని ముందు లోపలికి తిప్పి, తరువాత కూర్చునే భాగాన్ని తిప్పితే, చూడగానే పట్టదనిపించిన దర్వాజలోనూ పడుతుంది. అప్పటికీ కాకపోతే బాల్కనీ నుంచి తాళ్లతో పైకి లాగుతారు. దీనిని అలవాటున్న హమాలీలకే వదిలిపెట్టాలి, ఇంటి యువకుల ఉత్సాహానికి కాదు. బాల్కనీ పక్కన కరెంటు తీగ ఉంటే ఇనుప బీరువాను ఈ పద్ధతిలో ఎక్కించే ఆలోచనే పెట్టుకోవద్దు.

మంచి రోజు చూడాలా?

మంగళవారం, అమావాస్య నాడు కొత్త మంచం ఇంటికి తేవడానికి చాలామంది పెద్దలు ఒప్పుకోరు. ఆషాఢంలో పెళ్లి సామాను కొనేవారూ తక్కువ. పట్టింపు లేనివారికి ఆషాఢమే మేలు, దుకాణాలు ఖాళీగా ఉంటాయి, బేరం కుదురుతుంది. పట్టింపు ఉంటే అప్పుడే బయానా ఇచ్చి, శ్రావణంలో సామాను తెచ్చుకోవచ్చు.

ఇంటికి వచ్చాక దెబ్బ కనిపిస్తే ఏం చేయాలి?

బండి ఉండగానే, విప్పుతున్నప్పుడే ఫోన్‌లో ఫోటోలు, వీడియో తీయాలి. డ్రైవరు చేతి కాగితం మీద సంతకం పెట్టేముందు "గీతలు ఉన్నాయి", "కాలు విరిగింది" అని రాయాలి. తరువాత దుకాణానికి వాట్సాప్‌లోనైనా సరే, రాతపూర్వకంగా తెలియజేయాలి.

బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు వేసి ఉన్నంత మాత్రాన అధైర్యపడవలసిన పని లేదు. 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజులలోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువుకే ఈ రక్షణ. రంగు నచ్చలేదనో, అత్తమ్మకు డిజైను నచ్చలేదనో అయితే వర్తించదు. మొదట 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. వస్తువు హైదరాబాదులో కొన్నా ఫిర్యాదును మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు, రెండేళ్ల లోపు వేయాలి.

కొత్త ఫర్నిచర్‌ను ఎక్కడ, ఎలా పెట్టాలి?

గోడకు మూడు వేళ్ల సందు వదలాలి, కాళ్ల కింద రబ్బరు బుడిపెలు వేయాలి. మొదటి ఏడాది వానాకాలంలో కట్టె పక్కన పిండి రాలుతోందేమో నెలకొకసారి చూడాలి. పిండి రాలితే పుచ్చు ఉన్నట్టు. మట్టి గీతలు పాకితే చెదలు. పుచ్చు అయితే దుకాణంవారిని పిలవాలి, చెదలు అయితే మన గోడనే అనుమానించాలి.

పాత మంచాలను ఏం చేయాలి?

కొత్త సామాను దింపే బండిలోనే పాత దానిని పంపేస్తే రెండో కిరాయి తప్పుతుంది. కొన్ని దుకాణాలు పాత బీరువాను ఇనుము ధరకు తీసుకుని బిల్లులో తగ్గిస్తాయి, ఆ సంగతి బేరం ముగియకముందే అడగాలి. నులక మంచం, నవారు మంచం మాత్రం అమ్మవద్దు. వేసవి రాత్రి కరెంటు పోయినప్పుడు కింగ్ సైజు మంచాన్ని డాబా మీదికి ఎవరూ మోయలేరు.